ఇటు సరస్సు, అటు సముద్రం

తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా తూర్పు అంచున పళవేర్కాడు. నడవడానికి, పక్షులను చూడటానికి ఇంతకు మించిన తీరం దగ్గర్లో లేదు.

ఇదే జిల్లాలోని గుడి ఊరు తిరువాలంగాడు నుంచి సముద్రం కనబడదు. కానీ సముద్రం ఈ ఊరికి కొత్త కాదు. 1905లో ఇక్కడ బయటపడ్డ 31 రాగి రేకుల్లో, రాజేంద్ర చోళుడి సేన కడలి దాటి కటాహాన్ని (నేటి మలేసియాలోని కెడా) జయించిన ముచ్చట ఉంది. ఇక్కడి శివుడు రత్నసభాపతిని దర్శించుకున్నాక అలల వైపు మనసు పోతే చెన్నై మెరీనా దాకా పరుగెత్తక్కర్లేదు. సొంత జిల్లాలోనే పళవేర్కాడు ఉంది. తెలుగువాళ్లకది పులికాట్.

మూడు వైపులా నీళ్లు

తిరువళ్లూరు మీదుగా పొన్నేరి చేరితే అక్కడి నుంచి బస్సులుంటాయి. ఊరు దాటి, వంతెన మీదుగా లైట్‌హౌస్ కుప్పం వైపు వెళితే సన్నని ఇసుక మేట మీద ఉంటాం. తూర్పున బంగాళాఖాతం, పడమట సరస్సు, ఉత్తరాన రెండూ కలిసే ముఖద్వారం. ఆవల శ్రీహరికోట. చిలికా తరువాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఇందులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌దే.

చలికాలం ఉదయాలు ఇక్కడ అపురూపం. లోతు తక్కువ నీళ్లలో ఫ్లెమింగోలు బారులు తీరి మేస్తుంటాయి. సూళ్లూరుపేట వైపు వెళ్లేవారు నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులనూ చూడొచ్చు. తడ దగ్గర భీములవారిపాలెం నుంచి ఇరకం దీవికి పడవ దారి ఉంది. ఈ సరస్సు దీవుల తెలుగు బతుకులనే స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’గా రాశారు.

డచ్చివారి జాడ

విజయనగర ప్రభువుల అనుమతితో ఇక్కడ అడుగుపెట్టిన డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690 దాకా కోరమండల్ తీరంలో వారి ముఖ్య స్థావరం ఇదే. ఇక్కడి నుంచి నేత బట్టలు తూర్పు దీవులకు వెళ్లాయి. పళయకాట్ లుంగీకి పేరిచ్చింది ఈ రేవే. అదే రేవు నుంచి మనుషులనూ బానిసలుగా ఓడలెక్కించారు. అస్థిపంజరాలు చెక్కిన ద్వారం ఉన్న డచ్చి శ్మశానం ముందు నిలబడినప్పుడు ఆ రెండు సంగతులూ గుర్తుండాలి.

ముఖద్వారమే ప్రాణం

సముద్రపు పోటు లోపలికి వస్తేనే సరస్సులో రొయ్య, పీత, చేప. ఇసుక మేటలు వేసి ముఖద్వారం పూడిందంటే వేట పడిపోతుంది, పక్షుల మేతా తగ్గుతుంది. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో ‘పాడు’ కట్టుబాటుతో వంతులు వేసుకుని, తరాలుగా ఈ నీటిని పంచుకుంటున్న జాలర్ల పొయ్యి వెలగాలన్నా ఆ దారి తెరిచి ఉండాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసి ఈ ముఖద్వారాన్ని శాశ్వతంగా కాపాడాలి.

వెళ్లేవారికి ఒక మాట. 2011 డిసెంబరు 25న ఇక్కడ పడవ మునిగి 22 మంది విహారయాత్రికులు చనిపోయారు. అనుమతి, లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కకండి. ముఖద్వారం దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది, ఈతకు దిగకండి. పక్షుల్ని దూరం నుంచే చూడండి, ప్లాస్టిక్ చెత్తను వెంట తెచ్చేసుకోండి, చేపలు జాలర్ల దగ్గరే కొనండి.