పిల్లి వాటా పోపు పడకముందే!

బెంగళూరులో అది 'బెక్కు'. చెన్నైలో 'పూనై'. షోలాపూరులో 'మాంజర్'. బరంపురంలో 'బిలెయి'. వీధిలో ఏ పేరుతో తిరిగినా, మన వంటింటి గడప దాటిందంటే మాత్రం అది అచ్చతెలుగు 'పిల్లి'! యానాం వారికి ఆ తేడా కూడా లేదు, గడపకు అటూ ఇటూ కూడా పిల్లే. ఎన్ని తరాల క్రితం వచ్చి ఏ ఊళ్ళో స్థిరపడినా, పరమ పిసినారిని 'పిల్లికి బిచ్చం పెట్టనివాడు' అనడం మాత్రం మనం మరిచిపోలేదు. అంటే పిల్లికింత పెట్టడం మన లెక్కలో కనీస ధర్మమన్నమాట.

ధర్మం మంచిదే. అయితే ఆ పెట్టే ముద్దలో ఏముందన్నదే ప్రశ్న. మనకు అమృతంలా ఉండే పదార్థం పిల్లి ఒంట్లో విషం కావచ్చు. మనం ప్రేమతో పోసే పాలు దానికి విరేచనాలు కలిగించవచ్చు. పిల్లిని పెంచుతున్న ప్రతి ఇల్లాలూ, ముఖ్యంగా దాని వెంట తిరిగే పిల్లలూ తెలుసుకోదగిన సంగతులు ఇవి.

రాయలవారి పిల్లికి పాలెందుకు?

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. విజయనగరంలో ఎలుకల బెడద పెరిగితే కృష్ణదేవరాయలు ఇంటికో పిల్లిని, దానికి పాలకోసం ఆవునూ ఇప్పించాడట. రామకృష్ణుడు మొదటిరోజే మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తరువాత పాలగిన్నె కనబడితే పరుగే పరుగు. పాలన్నీ కవిగారి పాలయ్యాయి!

కథ సంగతి ఎలా ఉన్నా, పెరిగిన పిల్లికి నిజానికి పాలు అక్కరలేదు. పాలలోని చక్కెరను జీర్ణం చేసే శక్తి తల్లిపాలు తాగే పిల్లకూనలకు పుష్కలంగా ఉంటుంది. పాలు మరిచాక అది క్రమంగా తగ్గిపోతుంది. అందుకే చాలా పిల్లులకు పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకుంటాయి. పాలకోసం అవి ఎగబడేది వాటిలోని కొవ్వుకోసమే గాని తీపికోసం కాదు. పిల్లి నాలుక తీపిని గుర్తించలేదని, అందుకు కావలసిన జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియా శాస్త్రజ్ఞులు నిరూపించారు. కాబట్టి మన లడ్డూలు, పాయసాలు దానికి పెట్టకపోతే నొచ్చుకుంటుందన్న బెంగ అక్కరలేదు.

పాలకంటే పెరుగు కొంత నయం. తోడు పెట్టినప్పుడు పాలలోని చక్కెర కొంత ఖర్చయిపోతుంది. పడే పిల్లికి ఒక చెంచాడు కమ్మటి పెరుగు వల్ల నష్టం లేదు. గిన్నెలో నిత్యం ఉండవలసింది మాత్రం మంచినీళ్ళే.

అమ్మమ్మగారింటి పిల్లి బతకలేదా?

"మా అమ్మమ్మ పిల్లికి పెరుగన్నమే పెట్టేది. పదేళ్ళు నిక్షేపంగా బతికింది" అని చాలామంది అంటారు. నిజమే. కాని ఆ పిల్లి పెరుగన్నంతోనే బతికిందా? పెంకుటింటి అటక మీద ఎలుకలు, గడ్డివాములో పందికొక్కు పిల్లలు, గోడ మీద బల్లులు, పెరట్లో పిట్టలు, వీటితో అది అసలు భోజనం ముగించుకుని, పెరుగన్నంతో చేయి కడుక్కునేది!

ఇప్పుడు మన కాపురాలు అపార్టుమెంట్లలో. ముంబయిలో మూడో అంతస్తులో తలుపులు మూసుకుని ఉండే పిల్లికి జన్మలో ఎలుక ముఖం కనబడదు. మనం ఏది పెడితే అదే దాని సర్వస్వం. వేట పోయింది, బాధ్యత మన మీద పడింది. మన పెద్దల పద్ధతి తప్పని కాదు, పిల్లి బతుకు మారిపోయిందని గ్రహించాలి.

కుక్క మనలాగే అన్నం, కూర, మాంసం అన్నీ అరిగించుకుంటుంది. పిల్లి అలా కాదు. అది పులి జాతిది. మాంసం లేనిదే దాని శరీరం నడవదు. క్యారట్‌లోని పసుపు పదార్థం నుంచి మన ఒళ్ళు 'ఎ' విటమిన్ తయారు చేసుకుంటుంది. పిల్లికి ఆ విద్య చేతకాదు. అలాగే టారిన్ అనే పదార్థం ఒకటుంది. ఇది మాంసంలోను, చేపల్లోను దొరుకుతుంది. ధాన్యాల్లో, పప్పుల్లో దొరకదు. పిల్లి దీన్ని తనకు చాలినంతగా తయారు చేసుకోలేదు. టారిన్ లోపిస్తే పిల్లికి కంటిపొర దెబ్బతిని చూపు పోతుందని 1975లో తెలిసింది. గుండె కండరం బలహీనపడి ఉబ్బిపోతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కనుగొన్నారు. టారిన్ ఇస్తే గుండె కోలుకుంటుందని కూడా వారే చూపారు. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఉత్త అన్నం పాలతో పెరిగే ఇంటిపిల్లికి పొంచి ఉన్న ప్రమాదం ఇదే.

ఉల్లి చేసే మేలు మనకే

'ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదు' అన్నారు పెద్దలు. పిల్లి విషయంలో ఈ సామెతను తిరగేసి చదువుకోవాలి. ఉల్లిపాయ అన్నా, ఎర్రగడ్డ అన్నా, నీరుల్లి అన్నా పిల్లికి అది శత్రువే. వెల్లుల్లి అంతకంటే ఘాటైన శత్రువు. ఉల్లికాడలూ అంతే.

వీటిలో ఉండే గంధకపు పదార్థాలు పిల్లి రక్తంలోని ఎర్రకణాలను చిదిమేస్తాయి. పిల్లి హిమోగ్లోబిన్ ఈ దాడికి ఇతర జంతువుల కంటే తొందరగా లొంగిపోతుంది. పిల్లి బరువు కిలోకు 5 గ్రాముల చొప్పున ఉల్లి కడుపులోకి పోతే రక్తంలో గట్టి మార్పులు వస్తాయని లెక్క. మూడు కిలోల పిల్లికి 15 గ్రాములంటే, మధ్యరకం ఉల్లిపాయలో ఒక ముక్క మాత్రమే! ఒకేసారి కాకపోయినా, రోజూ కొద్దికొద్దిగా పోయినా ముప్పే. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. పొడిలో అది మరీ చిక్కబడి ఉంటుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే, లక్షణాలు వెంటనే కనబడవు. తిన్న కొన్ని రోజులకు పిల్లి నీరసంగా ఒక మూల పడుకుంటుంది. చిగుళ్ళు పాలిపోతాయి. ఆయాసపడుతుంది. మూత్రం ముదురు రంగులో వస్తుంది. అప్పటికి మనం పెట్టిన కూర సంగతి మనకే గుర్తుండదు.

మన వంటల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి ఎన్ని? సాంబారు, చేపల పులుసు, కోడికూర, కోడిగుడ్డు పొరటు, పప్పులో పోపు... ముక్క కడిగి పెట్టాం కదా అనుకుంటే చాలదు, రసం ముక్కలోకి దిగిపోయే ఉంటుంది. అందుకని గుర్తు పెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: పిల్లి వాటా పోపు పడకముందే తీసి పక్కన పెట్టాలి. ఉప్పు, కారం, మసాలా, ఉల్లి ఇవేవీ తగలకముందు తీసిన ముక్కే దానిది.

మాంసాహారుల ఇళ్ళలో

కోడిమాంసం శ్రేష్ఠం. చర్మం, ఎముక తీసేసి, ఉత్త నీళ్ళలో ఉడికించి, చల్లార్చి, చిన్న ముక్కలు చేసి పెట్టాలి. ఉడికిన ఎముక పెళుసై చీలికలుగా విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. 'పిల్లికి ఎముకలు' అని విస్తరిలోవి విదిలించే అలవాటు మానుకోవాలి.

చేప అంటే పిల్లికి ప్రాణం. కాని పచ్చి చేప నిత్యం పెట్టరాదు. కొన్ని రకాల పచ్చి చేపల్లో 'బి1' విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఆ లోపం ముదిరితే పిల్లి మెడ కిందికి వంగిపోయి, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది. అలాగని రోజూ నూనె చేపలే పెట్టినా 'ఇ' విటమిన్ తరిగిపోయి ఒంట్లోని కొవ్వు వాచి బాధిస్తుంది. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అనే యానాం వారు పిల్లికి కూడా ఒక ముక్క పెడదామనుకుంటే తప్పులేదు. కాని పులసకు సన్నముళ్ళు లెక్కలేనన్ని. ముళ్ళన్నీ ఏరిన ముక్క, అదీ పులుసులో పడకముందుది పెట్టాలి. గంజాం తీరం వారి ఎండు చేపలు, ముంబయి వారి ఎండు బొంబిళ్ళు పిల్లికి వద్దు. వాటిలోని ఉప్పు దానికి చాలా ఎక్కువ.

మేక కాలేయం పిల్లికి మహా ఇష్టం. వారానికొక చిన్న ముక్క మించరాదు. రోజూ పెడితే 'ఎ' విటమిన్ పేరుకుపోయి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి.

శాకాహారుల ఇళ్ళలో

మాంసం గడప తొక్కని ఇళ్ళలో కూడా పిల్లులు ఉంటాయి. ఉండకూడదని ఎవరూ అనరు. పోపు వేయని ముద్దపప్పు ఒక చెంచా, ఇడ్లీ ముక్క, ఉడికించిన గుమ్మడికాయ, క్యారట్, కాస్త పనీర్, ఇవి పెట్టినందువల్ల హాని లేదు. అయితే ఇవి దానికి చిరుతిండి మాత్రమే, భోజనం కావు. మన నియమం మనకు ధర్మం. పిల్లికి మాత్రం దాని ఆకలే ధర్మం. ఇంట్లోనే కట్టడిచేసి పెంచుతూ దానిచేత మన వ్రతం పట్టించడం అహింస కాదు.

దీనికి సులువైన మార్గం ఉంది. దుకాణాల్లో దొరికే పిల్లుల ఆహారం పొట్లం కొని, వరండాలోనో పెరట్లోనో వేరే గిన్నెలో పెట్టవచ్చు. వంటగిన్నెలకు అంటు లేదు. పొట్లం మీద 'సంపూర్ణ ఆహారం' అన్న అర్థం వచ్చే మాట ఉందో లేదో చూసుకోవాలి. కుక్కల ఆహారం చవక అని పిల్లికి పెట్టరాదు. పిల్లికి కావలసినంత టారిన్ అందులో ఉంటుందన్న భరోసా లేదు. గుడ్డుకు అభ్యంతరం లేనివారు ఉడికించిన గుడ్డు అప్పుడప్పుడు పెట్టవచ్చు. పచ్చి తెల్లసొన మాత్రం వద్దు.

ఎంత పెట్టాలి?

నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కాలరీలు చాలు. అందులో మన చేతి చిరుతిళ్ళు పదో వంతు మించకూడదు. అంటే ఉడికిన గుడ్డులో మూడో వంతుతో ఆ కోటా అయిపోయినట్టే! ఇంట్లో నలుగురూ ఎవరికి వారు తలా ఒక ముక్క పెడితే పిల్లి దిమ్మసాలా అవుతుంది, రోగాలు చుట్టుకుంటాయి.

దరి చేరనీయకూడనివి

ఉల్లి, వెల్లుల్లి, ఉల్లికాడలు, ఇవి కలిసిన ఏ కూరైనా సరే.

చాక్లెట్, కాఫీ, టీ. గుండెను, నరాలను అదుపు తప్పిస్తాయి.

ద్రాక్ష, కిస్‌మిస్. మూత్రపిండాలకు ముప్పని అనుమానం. కనుక పండుగ పాయసం గిన్నె పైనే ఉంచండి.

మద్యం, ఈస్టు కలిపిన పచ్చిపిండి.

పచ్చళ్ళు, అప్పడాలు, చిప్స్ వంటి ఉప్పు సరుకు.

వీటన్నిటికంటే ముఖ్యంగా, పారాసిటమాల్ మాత్ర. ఇది ఆహారం కాకపోయినా చెప్పక తప్పదు. పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉందని పాలలో అరగదీసి పోసేవారున్నారు. ఆ మందును విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఒక్క మాత్ర ప్రాణం తీయగలదు.

తేడా కనిపిస్తే

తినకూడనిది తిన్నదని తెలిసినా, అనుమానం వచ్చినా లక్షణాల కోసం కాచుకుని కూర్చోవద్దు. వాంతి చేయించాలని ఉప్పునీళ్ళు పోయవద్దు. అదీ ఉప్పు విషమే. తిన్నది ఏమిటో, ఎంతో, ఎప్పుడో ఒక కాగితం మీద రాసుకుని, వీలైతే ఆ పదార్థం కాస్త వెంట తీసుకుని పశువైద్యుని దగ్గరికి వెళ్ళాలి. అలాగే పిల్లి రెండు రోజులు ముద్ద ముట్టకపోతే 'అలిగిందిలే' అని ఊరుకోరాదు. పస్తున్న పిల్లికి, అందులోను లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంట్లో పనిమనిషి, బడికి వెళ్ళే పిల్లలు, ఊరినుంచి వచ్చిన బంధువులు, వీరందరికీ ఈ సంగతులు చెప్పి ఉంచాలి. తప్పుడు ముద్ద ఎక్కువగా పడేది అతిథి చేతినుంచే!

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని మనం ఎగతాళి చేస్తాం. అది కళ్ళు మూసుకుని తాగగలిగేది మన మీది నమ్మకంతోనే. పెట్టే చేయి మనది గనుక, కళ్ళు తెరిచి పెట్టవలసింది మనమే.