అపోహలు – వాస్తవాలు: 32 మంత్రం అన్నిచోట్లా పారదు

చిన్నక్షరాన్ని పెద్దక్షరం చేయాలంటే కంప్యూటర్‌లో దానికున్న సంఖ్యలోంచి 32 తీసేస్తే సరి. ప్రోగ్రామర్లు ఒకరి నుంచి ఒకరు అందుకుంటున్న చిట్కా ఇది. ఇంగ్లిష్ 26 అక్షరాలకు నిజమే: చిన్న ‘ఎ’ 97, పెద్ద ‘ఎ’ 65. ఆస్కీ పట్టికను కూర్చినవాళ్లు వీటిని కావాలనే ఒక్క బిట్ తేడాతో అమర్చారు. ఆ అమరికనే భాషా నియమం అనుకోవడంతో తంటా మొదలవుతుంది. ఫ్రెంచ్‌లో తలపై గీతతో వచ్చే ‘ఇ’నే చూడండి. లాటిన్-1 పట్టికలో చిన్నది 233, పెద్దది 201. మంత్రం పారినట్టే ఉంటుంది. పాత డాస్ కోడ్ పేజీలు 437, 850లలో అదే చిన్నక్షరం 130, పెద్దక్షరం 144. అక్కడ తీసేయడం కాదు, 14 కలపాలి! పోనీ లాటిన్-1తోనే సరిపెట్టుకుందామన్నా, 224 నుంచి 255 దాకా అన్నిట్లోంచీ 32 తీసేస్తే 247లోని భాగహార గుర్తు కాస్తా 215లోని గుణకార గుర్తయి కూర్చుంటుంది. 255లోని రెండు చుక్కల ‘వై’ 223లోని జర్మన్ ఎస్‌జెట్‌గా మారుతుంది. ఆ ‘వై’ అసలు పెద్దక్షరానికి ఆ పట్టికలో చోటే లేదు. యూనికోడ్‌లో 376 దగ్గర ఉంది. పారిస్ పక్కనున్న లాయ్-లె-రోజ్ పట్టణం పేరులో ఆ ‘వై’ ఉంది. మన చిట్కా పుణ్యమా అని ఫ్రెంచి ఊరికి జర్మన్ అక్షరం దక్కుతుంది.

‘చిట్కా ఎందుకు, లైబ్రరీ ఫంక్షన్ ఉందిగా, తేడా వస్తే అది కంపైలర్ బగ్’ అనేవారున్నారు. నిజంగా బగ్గులయ్యేవి కొన్నే. ఎస్‌జెట్‌ను పెద్దక్షరం చేయమంటే పైథాన్ 3, జావాస్క్రిప్ట్ రెండు ‘ఎస్’లు ఇస్తాయి, సీ-షార్ప్ ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. జావా అయితే రెండు రకాలుగానూ ప్రవర్తిస్తుంది: స్ట్రింగ్‌గా ఇస్తే రెండు ‘ఎస్’లు, విడి క్యారెక్టర్‌గా ఇస్తే మార్పు లేదు. ఒక క్యారెక్టరే తిరిగివ్వాల్సిన ఫంక్షన్ రెండో ‘ఎస్’ను ఎక్కడ పెడుతుంది? సీ భాషలో లొకేల్ (భాష, ప్రాంతాల సెట్టింగ్) మార్చనంతవరకూ టు-అప్పర్ ఇంగ్లిష్ అక్షరాలు దాటదు. ఎస్‌క్యూలైట్ కూడా మామూలుగా అంతే. పీహెచ్‌పీ 8.2 నుంచి లొకేల్‌ను పట్టించుకోవడం మానేసింది. ఇవన్నీ ఎవరికి వారు రాసిపెట్టుకున్న నియమాలు. చదవకుండా వాడి కంపైలర్‌ను తిట్టడం తేలికే.

‘యూనికోడ్ వచ్చాక ఈ గొడవ తీరిపోయింది’ అనేది ఇంకో ధీమా. యూనికోడ్ ప్రతి అక్షరానికీ సంఖ్య ఇచ్చింది కానీ, రాసినవాడి భాష ఏదో చెప్పలేదు. టర్కిష్‌లో చుక్క ఉన్న ‘ఐ’, చుక్క లేని ‘ఐ’ వేర్వేరు అక్షరాలు. దేని పెద్దక్షరం దానిదే. కంప్యూటర్ లొకేల్ టర్కిష్ అయితే, ఏ లొకేలో చెప్పని జావా కోడ్ ఇంగ్లిష్ పెద్ద ‘ఐ’ని చిన్నక్షరం చేసేటప్పుడు చుక్క లేనిదిగా మారుస్తుంది. కాట్లిన్ భాష కంపైలరే ఆ లొకేల్ ముందు బోల్తా పడింది, 2021లో 1.5 వెర్షన్ లొకేల్‌తో పనిలేని ఫంక్షన్లు తెచ్చింది. లొకేల్‌ను పక్కన పెట్టినా గండం గడవదు. చుక్క లేని ‘ఐ’ని పెద్దది చేస్తే ఇంగ్లిష్ ‘ఐ’ అవుతుంది కాబట్టి, వేర్వేరు ఈమెయిల్ చిరునామాలు ఒకటిగా కనిపిస్తాయి. గిట్‌హబ్ పాస్‌వర్డ్ రీసెట్‌లో 2019లో బయటపడిన లోపం ఈ కోవదే.

ఫ్రెంచ్ పెద్దక్షరాలకు తలపై గీతల వంటి యాక్సెంట్లు ఉండవన్నది మరో అపోహ, టైప్‌రైటర్ల కాలపు భ్రమ. ఫ్రెంచ్ అకాడమీ వాటిని ఉంచమనే చెబుతుంది. తెలుగులో పెద్దచిన్న అక్షరాల్లేవు కనుక మనకు పట్టదనేవారు, తాము రాసే కోడ్ ఎవరెవరి పేర్లు మోస్తుందో చూసుకుంటే మంచిది.

అయితే 32కూ దక్కాల్సిన మర్యాద ఉంది. ప్రోగ్రామ్ కీవర్డులు, హెచ్‌టీటీపీ హెడర్ పేర్లు వంటి యంత్రాల మాటలకు ఆస్కీ నియమమే వేగం, క్షేమం. అక్కడ లొకేల్‌ను దూర్చడమే పొరపాటు. అందుకే మార్చేముందు ఎవరి కోసమో తేల్చుకోండి. యంత్రం కోసమైతే జావాలో రూట్ లొకేల్ లాంటి తటస్థ నియమం పెట్టండి. మనిషి చదవడానికైతే భాష పేరు చెప్పండి. పోల్చడానికైతే పెద్దచిన్న తేడాను చెరిపేసే కేస్-ఫోల్డ్ వాడండి. పాస్‌వర్డ్ రీసెట్ ఈమెయిల్ మాత్రం రికార్డులో ఉన్న చిరునామాకే పంపండి, ఇప్పుడు టైప్ చేసినదానికి కాదు. మనుషుల పేర్లను వాళ్లు రాసినట్టే దాచండి. కంపైలర్ మార్చిన రోజున ఎస్‌జెట్, రెండు చుక్కల ‘వై’, టర్కిష్ ‘ఐ’లు రెండూ పరీక్షల్లో ఉండి తీరాలి.