50 గంటలకే ఆయిల్ ఎందుకు మార్చాలి?

కొత్త ట్రాక్టర్‌తో పాటు వచ్చే పుస్తకం తెరిస్తే, చాలా మోడళ్లలో మొదటి సర్వీసు 50 గంటలకు అని రాసి ఉంటుంది. ఆ తర్వాత ఆయిల్ మార్చాల్సింది 250 గంటలకో, ఇంకా ఆలస్యంగానో. ఇంత ఖరీదు పెట్టి పోసిన ఆయిల్‌ను అప్పుడే పారబోయడమా అని చాలామంది వాయిదా వేస్తారు. నాట్ల కాలం దగ్గర పడితే ఇక ఆ ఊసే ఉండదు. కానీ ఆ ఇంజన్ జీవితకాలంలో మార్చే ఆయిళ్లన్నింటిలోకీ ముఖ్యమైనది ఇదే. మిగతాసార్లు ఆయిల్ పాతబడిందని మారుస్తాం. మొదటిసారి మాత్రం ఇంజన్ కొత్తది కాబట్టి మారుస్తాం.

కొత్త రోలు తెచ్చుకుంటే మన ఇళ్లలో ముందు ఊకో తవుడో వేసి రుబ్బి పారేస్తారు. రాతిపొడి వదిలాకే అందులో పప్పు పడుతుంది. కొత్త ఇంజన్‌లోనూ జరిగేది ఇదే, ఇక్కడ రాలేది లోహం.

సిలిండర్ లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటాం. నిజానికి ఫ్యాక్టరీలో కావాలనే దానిమీద సన్నటి గీతలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునేలా పెడతారు. ఈ పనిని హోనింగ్ అంటారు. గీతల లోతుల్లో ఆయిల్ నిలుస్తుంది. గీతల మధ్య మిగిలిన మిట్టలు పిస్టన్ రింగుల రాపిడికి మొదటి గంటల్లోనే అరిగి చదునవుతాయి. రింగూ గోడా ఒకదానికొకటి కుదురుకునేది అప్పుడే. సరిగ్గా కుదిరితే మండిన వాయువు కిందికి జారదు, ఆయిల్ పైకెక్కి కాలిపోదు. కుదరకపోతే ఆ బండి ఉన్నన్నాళ్లూ ఆయిల్ తాగుతుంది.

రింగును గోడకు అదిమిపట్టేది చాలావరకు మండిన వాయువు ఒత్తిడే. అందుకే కొత్త ఇంజన్‌ను పని లేకుండా గంటల తరబడి ఆన్‌లో ఉంచడం మంచిది కాదు. కొన్న మర్నాడే కేజ్ వీల్స్ బిగించి దమ్ములోకి దించడమూ మంచిది కాదు. ఓ మోస్తరు బరువుతో, వేగం మారుస్తూ నడపాలి.

ఇలా అరిగిన లోహపు నలుసులన్నీ ఆయిల్‌లోకే చేరతాయి. వాటితో పాటు పోత పోసినప్పుడు మిగిలిన ఇసుక రేణువులు, బిగింపులో వాడిన సీలెంట్ తునకలు కూడా కొన్ని ఉంటాయి. వాటిని పట్టడానికి ఫిల్టర్ ఉంది కదా అని అడగవచ్చు. ఉంది, కానీ దానికీ హద్దుంది. ఫిల్టర్ డబ్బాలో ఉండేది మడతలు పెట్టిన కాగితం. ఆయిల్ అంచు చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల గుండా లోపలికి వెళ్లి, కాగితం దాటి, నడిమి రంధ్రం నుంచి ఇంజన్‌లోకి పోతుంది. మామూలు ఫిల్టర్ 20, 30 మైక్రాన్లకు మించిన నలుసులను బాగానే ఆపుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అయితే క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగుకూ మధ్య నిలిచే ఆయిల్ పొర బరువు పడినప్పుడు కొద్ది మైక్రాన్లకు పలచబడుతుంది. ఆ పొర కంటే కాస్త పెద్దవై, ఫిల్టర్ వలకు చిక్కనంత చిన్నవైన నలుసులే బేరింగును గీరతాయి. వాటిని వదిలించుకోవాలంటే ఆయిల్‌ను దించేయడమే మార్గం.

ఫిల్టర్‌ను మాత్రం పాతదే ఉంచి ఆయిల్ ఒక్కటే మార్చడం నాకు అర్థంకాని పొదుపు. ఫిల్టర్‌లో బైపాస్ వాల్వ్ ఒకటి ఉంటుంది. కాగితం పూడుకుపోతే ఇంజన్ ఆయిల్ లేక ఎండిపోకుండా అది తెరుచుకుని, వడకట్టని ఆయిల్‌నే లోపలికి పంపిస్తుంది. పూడిన ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

పని కష్టమైనదేమీ కాదు. బండిని చదునైన చోట నిలిపి, బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఇంజన్‌ను కాసేపు నడిపి ఆపితే ఆయిల్ పలచబడి నలుసులతో సహా జారుతుంది. చెయ్యి కాలేంత వేడిగా ఉన్నప్పుడు మాత్రం బోల్టు ముట్టుకోవద్దు. డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయండి. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. దానిమీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్ల మధ్య నుంచి ఆయిల్ ఎగజిమ్ముతుంది. కొత్త రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పి, అది ఆనిన తర్వాత ఫిల్టర్ డబ్బా మీద చెప్పినంత మేరకు, సాధారణంగా ముప్పావు చుట్టు, బిగిస్తే చాలు. పానా అక్కర్లేదు.

ఆయిల్ గ్రేడ్ పుస్తకంలో ఉన్నదే వాడాలి. 15డబ్ల్యూ40 అన్నదాంట్లో డబ్ల్యూ అంటే శీతాకాలం. ముందున్న 15 చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది, ఆ పరీక్ష సున్నాకు 20 డిగ్రీలు దిగువన చేస్తారు. 40 అన్నది 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. రామగుండం ఎండల్లో దున్నే బండికి ఆ రెండో అంకె ముఖ్యం. డిప్‌స్టిక్ మీద పైగీత దాటి పోయడం కూడా హానే. తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికితే నురగ వస్తుంది, నురగ బేరింగును మోయలేదు. పోశాక స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆపి, ఆయిల్ కిందికి దిగనిచ్చి మళ్లీ కొలవాలి.

దించిన ఆయిల్‌ను ఒక్కసారి ఎండలో పెట్టి చూడండి. డీజిల్ ఇంజన్‌లో అది నల్లగా మారడం మసివల్ల, దానికి కంగారు పడక్కర్లేదు. సన్నటి మెరుపు, డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దానిమీద బూడిదరంగు ముద్ద, ఇవి మొదటిసారికి సహజం. గోటికి తగిలే పెచ్చులు, రాగిరంగు రేకులు కనిపిస్తే మెకానిక్‌కు చూపించాలి. అమెరికాలో డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వే 1946లో ఇలా ఆయిల్‌లోని లోహాలను వర్ణపట పరీక్షతో కొలిచి, విప్పకుండానే డీజిల్ ఇంజన్ల జబ్బును పసిగట్టింది. ఇనుము ఎక్కువైతే సిలిండరో రింగులో, రాగి, సీసం ఎక్కువైతే బేరింగులు అని ముందే తెలుస్తుంది.

ఈ 50 గంటల లెక్క అన్ని బండ్లకూ వర్తించదు. హోనింగ్ మెరుగుపడ్డాక చాలా కార్లకు, జీపులకు మొదటి మార్పిడి వేల కిలోమీటర్ల తర్వాతే. కొన్ని కంపెనీలు మొదట పోసిన ఆయిల్‌ను గడువుకు ముందు తీయవద్దని కూడా చెబుతాయి. మీ పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం.

ఇక ఆ వేస్ట్ ఆయిల్. చెదలు పట్టకుండా దూలాలకు పూయడం, సెంట్రింగ్ రేకులకు రాయడం, కాలవగట్టున ఒంపేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. వాడిన ఇంజన్ ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలు, లోహాలు ఉంటాయి. అది చర్మానికి, నేలకు, బావినీటికి చేటు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన నూనె కూడా ఉంది. దాన్ని శుద్ధిచేసి మళ్లీ కందెన నూనెగా మార్చవచ్చు. ట్రాక్టర్‌లో పట్టే ఆరేడు లీటర్లను ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాలోకే వంపి, నీళ్లు కలవకుండా మూతపెట్టి, పాత ఫిల్టర్‌తో సహా సర్వీస్ సెంటర్‌లో అప్పగించండి.