పొడిరంగులలో ఎడారి ఏరు

ఎడారి ఏటిని చిత్రింపబూనిన వానికి మొదటి చిక్కు, ఏడాదిలో హెచ్చుకాలం అక్కడ ఏరు కనబడకపోవడమే. రాజస్థానంలోని లూనీ ఇట్టిది. అజ్మీరు దాపున ఆరావళి కొండలలో పుట్టి, నైరుతిగా సుమారు 495 కిలోమీటర్లు నడచి, సముద్రాన్ని చేరకుండానే కచ్ఛ్ రణ్ చిత్తడిలో ఇంకిపోతుంది. లవణమే దానికి పేరైనది. బాలోత్రా వరకు తియ్యన, ఆపైన ఉప్పన అని ప్రసిద్ధి. వానకాలపు వెల్లువ తీసిన పిదప మిగిలేది ఇసుక, ఉప్పుపొర, ఒడ్డున జమ్మిచెట్లు. వానినే అక్కడివారు ఖేజ్డీ అంటారు.

ఇది ఒక్క పటంలో ఇమడదు. వరుస చిత్రాలు కావాలి. 1890-91లో మోనే గడ్డివాములను వేర్వేరు వేళల చిత్రించినప్పుడు వెలుగు మారినది గాని వాము నిలిచే ఉన్నది. లూనీ ఒడ్డున వస్తువే మాయమవుతుంది. వెల్లువను చూచినవాడు దానిని తలపులో దాచుకొని గీయవలసిందే. ఇందులో తప్పేమీ లేదు. దేగా 1892లో పారిస్‌లో ప్రదర్శించిన దృశ్యచిత్రాలలో పెక్కు, ముద్రించిన రంగుమరకలపై పాస్టెల్‌తో, చిత్రశాలలో కూర్చుండి తీర్చినవే.

పాస్టెల్ అనగా రంగుపొడిని కొద్దిపాటి జిగురుతో కూర్చిన కడ్డీ. తడి తగలని ఆ పొడి గరుకు కాగితాన్ని పట్టుకొని నిలుస్తుంది. రంగులను పళ్లెంలో కలిపే వీలులేదు. ఒకదానిపై ఒకటి గీచి కాగితంమీదనే కలపాలి. గోధుమవన్నె కాగితాన్ని అక్కడక్కడ అంటక విడిచిపెడితే అదే ఇసుకమేట అవుతుంది. వేలితో మితిమీరి రుద్దితే గరుకు పూడి వెలుగు చచ్చిపోతుంది. కొత్తవారి చేతిలో మడుగు మసక అద్దమయ్యేది ఇందువల్లనే. పొడి రాలకుండ స్థిరీకరణ ద్రవం చల్లితే లేతరంగులు నల్లబడతాయి. కనుక ఉప్పుపొర తెలుపును చివరకు, చల్లడం ముగిసిన తరువాతనే పెట్టడం మేలు.

ఇంతకన్న కఠినమైన ప్రశ్న ఒకటున్నది. పాలీ, జోధపురం, బాలోత్రాల అద్దకపు కార్ఖానాల మురుగు లూనీలోను, దాని ఉపనదులైన బాండీ, జోజరీలలోను చేరుతున్నది. వానలేని నెలలలో కొన్నిచోట్ల పారేది ఆ మురుగే. ఆ వన్నెలు కంటికి ఇంపుగా ఉండడమే ప్రమాదం; పటంలో చూచినవాడు సంధ్యాకాంతి అని మురిసిపోగలడు. దానిని వదలిపెడితే వరుస అబద్ధమాడుతుంది. గీచినవాడు మురుగు దిగే తూమును, పక్కన బీడుపడిన చేనును కూడ గీయాలి. పటం అడుగున ఊరి పేరు, నెల వ్రాయాలి.