పిల్లల మనసుకు వైద్యులెవరు?

మా అమ్మాయికి పద్నాలుగో ఏడు నడుస్తున్న రోజుల్లో ప్రతి సోమవారం ఉదయం కడుపునొప్పి వచ్చేది. నేను పిల్లల వైద్యురాలిని. ఈ దేశంలో ఇరవై ఏళ్లకు పైగా అదే వృత్తిలో ఉన్నాను. రక్తపరీక్షలు చేయించాను, అల్ట్రాసౌండు తీయించాను, పాలు పెరుగు మాన్పించాను, చివరకు జీర్ణకోశ నిపుణునికీ చూపించాను. ఎక్కడా ఏ లోపమూ కనబడలేదు. శనివారాల్లో ఆ నొప్పి ఎందుకు రావటం లేదన్న ప్రశ్న నాకు తట్టటానికి ఎనిమిది నెలలు పట్టింది. పరాయి పిల్ల అయితే మొదటి రోజే అడిగి ఉండేదాన్ని. ఆ నొప్పికి మూలం కడుపులో లేదు, బడి అంటే ఆమె మనసులో పెరిగిన ఆందోళనలో ఉన్నది.

అప్పుడు థెరపిస్టు కోసం వెదకవలసి వచ్చింది. రోజూ ఇతరుల పిల్లలను థెరపిస్టుల దగ్గరకు పంపే నేనే, మా ఇంటి వరకు వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడ్డాను. ఆ అన్వేషణలో తెలుసుకున్న విషయాలను, మా అమ్మాయి అనుమతితోనే, ఇక్కడ వివరించే ప్రయత్నం చేస్తున్నాను.

మనలో చాలామంది వెనుకాడటానికి కారణం తెలియకపోవటం కాదు, భయం. మనసుకు వైద్యమనగానే హైదరాబాదు వారికి ఎర్రగడ్డ, విశాఖ వారికి పెద్ద వాల్తేరు గుర్తుకు వస్తాయి. ఆ ఆసుపత్రులు ఎందరి బతుకులను నిలబెట్టాయో మనం ఎన్నడూ ఆలోచించలేదు కానీ, ఆ పేర్లను మాత్రం చిన్ననాటి నుంచి వేళాకోళానికి వాడుకున్నాం. ఆ వేళాకోళం మనతోబాటే విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది. దానికి తోడు ‘నలుగురికీ తెలిస్తే రేపు పిల్లకు సంబంధాలెలా వస్తాయి’ అన్న గొణుగుడు ఒకటి. ఈలోగా కాలం గడిచిపోతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రొనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, జీవితంలో ఎప్పుడైనా మానసిక రుగ్మతకు లోనైన వారిలో సగం మందికి అది 14 ఏళ్లలోపే మొదలైంది. నాలుగింట మూడు వంతుల మందికి 24 ఏళ్లలోపే మొదలైంది. కాలేజీలో చేరాక చూద్దాంలే అని వాయిదా వేయదగిన విషయం కాదిది.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర చెప్పుకోవాలి. 1896లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే ఆచార్యుని దగ్గరకు ఒక ఉపాధ్యాయిని తన విద్యార్థిని తీసుకువచ్చింది. పద్నాలుగేళ్ల కుర్రవాడు, తెలివితేటలకు లోటు లేదు, స్పెల్లింగు మాత్రం ఎంత నేర్పినా రాదు. విట్మర్ పరీక్షించి చూస్తే కుర్రవాడి చూపులో లోపం ఉన్నట్లు తేలింది. కళ్లద్దాలు పెట్టించి, ఆపైన చదవటంలో శిక్షణ ఇప్పించాడు. ఈ దేశంలో మొట్టమొదటి మనోవైజ్ఞానిక చికిత్సాలయం అలా ఆరంభమయింది. స్పెల్లింగు పోటీలలో మన పిల్లలు గెలిచిన ప్రతిసారీ పొంగిపోయే మనం, ఈ విద్య పుట్టిందే స్పెల్లింగు రాని పిల్లవాడి కోసమని తెలుసుకోవటం బాగుంటుంది.

విట్మర్ చేసినట్లే ఇప్పటికీ శరీరాన్ని ముందు చూడాలి. కనుక తట్టవలసిన మొదటి తలుపు మీ పిల్లల వైద్యులది. చూపు, వినికిడి, థైరాయిడ్, రక్తహీనత, నిద్ర – ఇవన్నీ వారు చూస్తారు. ఈ దేశపు ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2022లో 8 నుంచి 18 ఏళ్ల పిల్లలందరినీ ఆందోళన విషయంలోనూ, 12 నుంచి 18 ఏళ్ల వారందరినీ కుంగుబాటు విషయంలోనూ ప్రశ్నావళితో పరిశీలించాలని సిఫారసు చేసింది. ఏటా జరిగే పరీక్షలో మీ అబ్బాయి చేతికి ఒక కాగితం ఇచ్చి, మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి. ఆ కాసేపట్లోనే ఎన్నో సంగతులు బయటపడతాయి. చుట్టుపక్కల ఎవరు పిల్లలతో బాగా పనిచేస్తారో, ఎవరి దగ్గర ఖాళీ ఉన్నదో ఏ డైరెక్టరీ కంటె మీ పిల్లల డాక్టరుకే బాగా తెలుసు.

రెండవ తలుపు బడి. ప్రతి బడిలోనూ కాకపోయినా చాలా బడులలో కౌన్సెలరు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఉంటారు. చదువుకు ఆటంకమయ్యే ఇబ్బంది ఏదైనా ఉన్నదని అనుమానం ఉంటే, 1975 నాటి వికలాంగ బాలల విద్యాచట్టం ప్రకారం ఉచితంగా పరీక్ష జరిపించమని ప్రభుత్వ పాఠశాలను కోరవచ్చు. నోటి మాటగా కాక లిఖితపూర్వకంగా అడగాలి. మీరు అంగీకార పత్రం ఇచ్చిన నాటి నుంచి, రాష్ట్రం వేరే గడువు పెట్టకపోతే, 60 రోజుల్లో పరీక్ష పూర్తి కావాలి. మన తల్లిదండ్రులు ‘స్పెషల్ ఎడ్యుకేషన్’ అన్న మాట వినగానే చేతులు ముడుచుకుంటారు. మా అమ్మాయికి దక్కింది మాత్రం 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ కింద ఒక చిన్న వెసులుబాటు: ఆందోళన ముంచుకొచ్చినప్పుడు ఎవరినీ అడగకుండా పది నిమిషాలు నర్సు గదిలో కూర్చోవటం. ఆమె మార్కుల పత్రంలో దాని ఊసే లేదు.

ఇక పేర్ల తికమక. థెరపిస్టు అన్నది ఒక డిగ్రీ పేరు కాదు, చాలామందికి కలిపి వాడే మాట. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివినవారు, మందులు రాయగలరు. పిల్లల సైకియాట్రిస్టు కావాలంటే ఆపైన మరో రెండేళ్ల ప్రత్యేక శిక్షణ కావాలి. వీరు చాలా అరుదు. ‘పీడియాట్రిక్స్’ పత్రికలో 2019లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, ఈ దేశంలోని కౌంటీలలో దాదాపు 70 శాతం చోట్ల ఒక్క పిల్లల సైకియాట్రిస్టు కూడా లేరు. సైకాలజిస్టుకు పిహెచ్.డి. గానీ సై.డి. గానీ ఉంటుంది. మాటలతో చేసే చికిత్సతో బాటు, ఏకాగ్రత లోపం, ఆటిజం వంటి వాటికి లోతైన పరీక్షలు చేయటం వీరి ప్రత్యేకత. క్లినికల్ సోషల్ వర్కరు, దాంపత్య కుటుంబ చికిత్సకులు, ప్రొఫెషనల్ కౌన్సెలరు మాస్టర్స్ డిగ్రీ పొంది, వేల గంటల పర్యవేక్షిత శిక్షణ తరువాత రాష్ట్రం నుంచి లైసెన్సు పొందినవారు. పేరు ముందు డాక్టరు అని లేదే అని మనవాళ్లు వీరిని తీసిపారేస్తారు. అది పొరపాటు. ఈ దేశంలో పిల్లలకు అందే మాటల చికిత్సలో అధికభాగం వీరి చేతుల మీదుగానే జరుగుతుంది. చూడవలసింది డిగ్రీ పొడవు కాదు, మీ పిల్లల వయసు వారితో ఎన్నేళ్లు పనిచేశారన్నది. లైసెన్సు ఉన్నదీ లేనిదీ, దానిపై ఫిర్యాదులపై చర్యలేమైనా ఉన్నాయా అన్నదీ రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వారి సైటులో ఎవరైనా చూసుకోవచ్చు.

మేము మొదట వెళ్లిన చోట నాలుగు నెలలు గడిపాం. ఆ థెరపిస్టు ఎంతో మంచి మనిషి. మా అమ్మాయికి కూడా నచ్చింది. వారంవారం కబుర్లు చెప్పుకున్నారు. కానీ సోమవారాలు మాత్రం మారలేదు, మమ్మల్ని ఒక్కసారీ లోపలికి పిలవలేదు. ఆ తరువాతే ఫోనులో ఏమి అడగాలో నాకు తెలిసివచ్చింది. చాలామంది పది పదిహేను నిమిషాలు ఉచితంగా మాట్లాడతారు. అప్పుడు ఈ ప్రశ్నలు నిస్సంకోచంగా అడగండి. ఈ సమస్యకు ఏ పద్ధతి వాడతారు? మెరుగు కనబడుతున్నదీ లేనిదీ ఎలా కొలుస్తారు? తల్లిదండ్రులుగా మా పని ఏమిటి? మూడవ ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే మరొకరిని వెదకటం మేలని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. ఆందోళన పెరిగే తీరు ఒకటున్నది. బడి అంటే భయం. ఇంట్లో ఉండిపోతే తక్షణం ఉపశమనం. ఆ ఉపశమనం రుచి మరిగిన మనసుకు మరుసటి వారం బడి మరింత భయంకరంగా తోస్తుంది. ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ నుంచి, దానికి ముందునుంచీ ఉన్న ప్రవర్తన చికిత్స నుంచి పుట్టిన సి.బి.టి. పద్ధతి ఈ వలయాన్ని తెంచుతుంది. భయపడే పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కిస్తారు. అయితే ఆ వలయంలో తల్లిదండ్రులు కూడా ఒక భాగం. ‘పోనీ ఇవాళ్టికి మానెయ్, తల్లీ’ అన్నది నేనే. మా అత్తగారు వేడి వేడి మిరియాల చారు కలిపి తినిపించేది. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ భయానికి ఎరువయింది. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలి లెబోవిట్జ్ రూపొందించిన ‘స్పేస్’ పద్ధతిలో పిల్లలను అసలు పిలవరు. తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇస్తారు. ఆందోళనతో బాధపడే 124 మంది పిల్లలపై జరిపిన పరిశోధనలో, ఈ పద్ధతి పిల్లలకు నేరుగా ఇచ్చే సి.బి.టి.కి తీసిపోలేదని 2020లో ప్రకటించారు. మేము రెండవసారి ఎంచుకున్న సోషల్ వర్కరు మొదటి నెలలో మా ముగ్గురినీ, ఒకసారి మా అత్తగారినీ కూడా కూర్చోబెట్టింది. అత్తగారికి ఫోనులో తెలుగు దుబాసీని ఏర్పాటు చేసింది. పిల్లల చేత అనువాదం చేయించటం ఎట్టి పరిస్థితిలోనూ తగదని నేను ఆనాడే నేర్చుకున్నాను.

మందుల సంగతి కూడా క్లుప్తంగా. ఆందోళనతో బాధపడే 488 మంది పిల్లలపై జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో, సి.బి.టి. ఒక్కటే పొందినవారిలో 60 శాతం, సెర్ట్రలిన్ అనే మందు ఒక్కటే వాడినవారిలో 55 శాతం, రెండూ కలిపి పొందినవారిలో 81 శాతం మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్రతో 24 శాతం. ఈ రకం మందులు మొదలుపెట్టిన తొలి వారాలలో కొందరు పిల్లలకు ఆత్మహత్యా భావాలు పెరగవచ్చని 2004 నుంచి ప్రభుత్వ హెచ్చరిక ఉన్నది. కనుక దగ్గరగా కనిపెట్టి ఉండాలి. భయపడి డాక్టరుకు చెప్పకుండా మానేయటం మాత్రం కూడదు.

‘తెలుగు వారైతే బాగుండును’ అని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. సైకాలజీ టుడే వారి డైరెక్టరీలో భాషను బట్టి వెదికే వీలున్నది. బామ్మ చేత్తో అన్నం తినిపించటం, తొమ్మిదేళ్ల పిల్ల అమ్మ పక్కన పడుకోవటం వింత కాదని మనవారికి విడమరచి చెప్పనక్కరలేదు. కానీ చిన్న ఊళ్లలో ఆ తెలుగు థెరపిస్టే మన ఉగాది వేడుకలో ఎదురుపడతారు, వారి పిల్లలూ మన పిల్లలూ ఒకే నాట్య పాఠశాలలో ఉంటారు. ఇటువంటి రెండు రకాల బాంధవ్యం తీర్పును దెబ్బతీసేటట్లయితే దూరంగా ఉండమని ఈ వృత్తి నీతినియమాలు చెబుతాయి. మాకు కుదిరినామె ఒహాయో పల్లెలో పుట్టిన తెల్లజాతి స్త్రీ. తెలియనిదాన్ని అడిగేది. అదే చాలింది.

ఖర్చు మాట. మానసిక చికిత్సకు శరీర చికిత్స కంటె కఠినమైన షరతులు పెట్టరాదని 2008 నాటి సమానత్వ చట్టం బీమా కంపెనీలను శాసిస్తున్నది. అయినా వారిచ్చే జాబితాలో సగం మంది ఫోను ఎత్తకపోవటం నాకు అనుభవమే. అప్పుడు బీమా వారినే పిలిచి, ఖాళీ ఉన్నవారిని మీరే చూపించండి, లేకపోతే నెట్‌వర్కు బయటివారికి అదే రేటుతో అనుమతి ఇవ్వండి అని పట్టుబట్టవచ్చు. తేదీ, మాట్లాడినవారి పేరు రాసి పెట్టుకోండి. చాలా కంపెనీలలో ఉద్యోగుల సహాయ పథకం కింద కొన్ని సెషన్లు ఉచితం. విశ్వవిద్యాలయాల శిక్షణా క్లినిక్కులలో ఆచార్యుల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ రుసుముకు చూస్తారు; విట్మర్ సంప్రదాయమే అది.

సెషన్ అయ్యాక కారెక్కగానే ‘ఏం మాట్లాడావు?’ అని అడగకండి. నేను రెండు వారాలు అడిగాను; మూడవ వారం ఆమె చెవులకు ఇయర్‌ఫోన్లు వచ్చాయి. టీనేజి పిల్లల మాటలను థెరపిస్టు గుట్టుగా ఉంచుతారు. ప్రాణాపాయం, ఇతరులకు హాని, పిల్లలపై అత్యాచారం – వీటి విషయంలో మాత్రం చెప్పి తీరాలి. ఆ హద్దులు ఏమిటో మొదటి రోజే అందరి ఎదుట చెప్పమనండి. కాలిఫోర్నియాలో 12, వాషింగ్టన్‌లో 13 ఏళ్లు నిండిన పిల్లలు, చట్టం పెట్టిన షరతులకు లోబడి, తామే స్వయంగా చికిత్సకు అంగీకరించవచ్చు.

చచ్చిపోవాలని ఉన్నదన్న మాట పిల్లల నోట వస్తే మాత్రం ఈ వెదకటాలేవీ పనికిరావు. బెదిరింపు అనుకోకండి. సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఇంట్లోని మందులు తాళం వేసి, పిల్లను ఒంటరిగా వదలక 988కు ఫోను చేయండి. 2022 జూలై నుంచి ఈ నంబరు దేశమంతటా రాత్రింబవళ్లు పనిచేస్తున్నది; దుబాసీల సాయమూ ఉన్నది. ప్రమాదం ముంచుకొస్తే 911, లేదా దగ్గరి అత్యవసర విభాగం.

ఈ ఆగస్టులో పిల్లలను కాలేజీకి పంపేవారికి ఒక మాట. థెరపిస్టు లైసెన్సు సాధారణంగా రోగి కూర్చున్న రాష్ట్రానికి చెంది ఉండాలి. ఫోనులోనో వీడియోలోనో మాట్లాడినా అంతే. సైకాలజిస్టుల విషయంలో సైపాక్ట్ అనే ఒప్పందంలో 40కి పైగా రాష్ట్రాలు చేరాయి కాబట్టి కొందరికి పాత థెరపిస్టే కొనసాగవచ్చు. ముందే అడిగి తెలుసుకోండి. చాలా రాష్ట్రాలలో 18 నిండగానే వైద్య వివరాలు మీకు చెప్పాలంటే పిల్లల సంతకం కావాలి. కాలేజీ రికార్డులకూ అంతే. మా అమ్మాయి వెళ్లే ముందు రోజు రాత్రి, సూట్‌కేసు సర్దుతూ, తానే ఆ అనుమతి పత్రం తెచ్చి సంతకం పెట్టి ఇచ్చింది. దాన్ని ఆమె టీకాల పుస్తకంలో దాచాను.