ఇడైసెవల్: ఒకే ఊరు, ఇద్దరు రచయితలు

కోవిల్‌పట్టిలో తిరునల్వేలి బస్సెక్కితే నల్లాటిన్‌పుదూరు దాటినాక వచ్చే ఊరు ఇడైసెవల్. పది కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మన మిల్లు జనంలో ఆ దారిన పోనివాళ్లు తక్కువ, దిగి చూసినవాళ్లు ఇంకా తక్కువ. తమిళంలో ఇడై అంటే నడుమ, సెవల్ అంటే ఎర్రనేల. చుట్టూ మాత్రం వాన పడితే కాలికి అంటుకొని వదలని నల్లరేగడి.

ఈ కరిసల్ సీమకు మన పెద్దలు విజయనగర రాజుల కాలం నుంచీ వస్తూనే ఉన్నారు. 1529లో విశ్వనాథ నాయకుడు మదురై ఏలుబడికి వచ్చి సీమను 72 పాళయాలుగా పంచాక వలస పెరిగింది. వచ్చినవాళ్లు అడవి కొట్టి సజ్జ, జొన్న, పత్తి వేశారు. ఆ పత్తి ఉండబట్టే మిల్లులొచ్చాయి, మిల్లులుండబట్టే మనమున్నాం.

ఈ చిన్న ఊరిలోనే 1922లో కి. రాజనారాయణన్, 1923లో కు. అళగిరిసామి పుట్టారు. ఇద్దరిండ్లలోనూ తెలుగే. చిన్ననాటి స్నేహితులు, కలిసి సంగీతం నేర్చినవాళ్లు. అళగిరిసామి మద్రాసు పోయి పత్రికల్లో పనిచేశాడు, 1970లో 46 ఏళ్లకే పోయాడు. ఆ ఏడు సాహిత్య అకాడమీ బహుమతి ఆయన ‘అన్బళిప్పు’కు వచ్చింది. ఆయన రాసిన ‘రాజా వందిరుక్కిరార్’ కథ మీ పిల్లలకు చెప్పండి. దీపావళి ముందు గోచితో వచ్చిన ఒక దిక్కులేని పిల్లవాడికి పేదరాలు తలకు పోసి, మొగుడి కోసం ఉంచిన కొత్త తుండు ఇచ్చేస్తుంది. ఆ పిల్లవాడి పేరు రాజా. మా ఇంటికీ రాజా వచ్చాడని ఆమె కూతురు గొప్పగా చెప్పుకుంటుంది.

కి.రా. చాలా ఏళ్లు ఊరిలోనే సేద్యం చేస్తూ ఉన్నాడు. ఎనిమిదో తరగతి దాటలేదు, రైతుల పోరాటంలో జైలుకు పోయాడు. 1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’లో ఆడపిల్ల మానం కాపాడుకోను తెలుగు సీమ విడిచి దక్షిణానికి పరుగెత్తిన జనం కథ ఉంది. మన అవ్వలు చెప్పేదీ కొంచెం అటూ ఇటూ అదే. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో అకాడమీ బహుమతి వచ్చింది.

తెలుగోళ్లయ్యుండి తమిళంలో రాశారే అని కొందరంటారు. ఆ మాట నాకు సబబుగా తోచదు. బడిలో నేర్పని అక్షరాలతో ఎట్లా రాస్తారు? మన పిల్లల సంగతీ అంతే కదా, ఇంట్లో మాట్లాడతారు, బోర్డు మీద రాస్తే చదవలేరు. కి.రా. చేసిన మంచి పని ఇంకొకటుంది. 1982లో కరిసల్ జనం వాడే మాటలకు ఒక నిఘంటువు తెచ్చాడు. పొలంలో, పశువుల కొట్టంలో, వంటింట్లో వాడే మాటలు, చదువుకున్నోళ్లు మోటని తీసేసినవి. మన ఇంటి తెలుగుకూ అట్లా ఒకటి కావాలి. ఒక నోటుబుక్కు, వినే చెవి ఉంటే మొదలుపెట్టవచ్చు. అవ్వలుండగానే.

కి.రా. 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశాడు. ఇడైసెవల్‌కే తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. కోవిల్‌పట్టిలో ఆయన పేరిట మణిమండపం 2022లో తెరిచారు. లీవు రోజు పిల్లలతో అది చూసి, ఆనక ఊరికి పోవచ్చు. దూరపు బస్సులన్నీ ఇడైసెవల్‌లో నిలపరు, ఎక్కేముందే కండక్టరును అడగండి.