కౌమారదశలో స్వీయహాని: అవగాహన, చికిత్స – గూడూరు ప్రాంత నేపథ్యం

తన శరీరానికి తానే ఉద్దేశపూర్వకంగా కీడు చేసుకోవడం స్వీయహాని. ఇది ఎక్కువగా కౌమారం తొలినాళ్లలో మొదలవుతుంది. ఇందులో మరణకాంక్ష ఉండవచ్చు, లేకపోవచ్చు. అమెరికన్ మనోవైద్యుడు కార్ల్ మెనింజర్ 1938లోనే ఇటువంటి చర్యలో వినాశనంతోపాటు ప్రాణం నిలుపుకొనే పెనుగులాట కూడా ఉందని గుర్తించాడు. అయితే మరణకాంక్ష లేని స్వీయహానిని తేలికగా తీసుకోరాదు. అది పునరావృతమైనకొద్దీ ఆత్మహత్యాయత్నానికి దారితీసే అవకాశం పెరుగుతుంది.

భరించలేని దుఃఖం, అవమానం, కోపం లేదా ఏ అనుభూతీ లేని శూన్యత కలిగినప్పుడు గాయం క్షణకాలం ఉపశమనాన్నిస్తుంది. ఆ ఉపశమనమే అలవాటుకు మూలం. తరువాత సిగ్గు, దాపరికం, మళ్లీ అదే ఒత్తిడి. కనుక “మమ్మల్ని బెదిరిస్తున్నావా?” అన్న గద్దింపు బిడ్డ సిగ్గును పెంచుతుందే తప్ప గాయాన్ని ఆపదు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత పెంపకంలో ఎంత ఉపయోగపడినా ఇక్కడ పనికిరాదు. వంచడానికి ఇక్కడున్నది మొండితనం కాదు, బాధ.

నిమ్మ మార్కెట్‌కు, అభ్రకానికి, రైల్వే జంక్షన్‌కు పేరొందిన గూడూరు వంటి పట్టణంలో ఈ సమస్యకు మరొక ముఖముంది. పదో తరగతి కాగానే పిల్లలను దూరపు రెసిడెన్షియల్ కళాశాలల్లో చేర్చడం రాష్ట్రమంతటా ఉన్న పరిపాటి. అక్కడ వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా వదలని విద్యార్థిని మొదట గమనించగలిగేది తల్లి కాదు, వార్డెన్. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన తీర్పు ఇందుకే ముఖ్యమైనది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలనీ, సిబ్బందికి ఏటా కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలనీ, మార్కులనుబట్టి విద్యార్థులను బ్యాచులుగా విడదీయరాదనీ అది నిర్దేశించింది.

గాయం బయటపడ్డాక కుటుంబం ఆసుపత్రికి వెళ్లడానికి జంకేది చాలాసార్లు పోలీసు కేసు భయంతోనే. ఈ భయం పాత చట్టపు నీడ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించరాదు. సంరక్షణ, చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకొనే ఉద్దేశంతో చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. చట్టం మారినంత వేగంగా ఊరి మాట మారలేదు.

చికిత్స గాయానికి మర్యాదగా కట్టు కట్టడంతోనే మొదలవుతుంది. మందలింపు లేకుండా కట్టిన కట్టు బిడ్డను రెండోసారి వైద్యుని వద్దకు రప్పిస్తుంది. ఆపైన ఇల్లు, చదువు, స్నేహాలు, వేధింపులు, కుంగుబాటు అన్నింటినీ విచారించాలి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడిగితే ఆ తలపు కొత్తగా పుడుతుందన్నది అపోహ. స్వీయహానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. కుంగుబాటు వంటి జబ్బు ఉంటే దానికి మందులు వాడవచ్చు. మార్షా లినెహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని కౌమారులకు అనువుగా మార్చి వాడుతున్నారు. ఉద్వేగం ఉప్పెనలా వచ్చినప్పుడు హాని చేసుకోకుండా ఆ కాసేపు గడపడం అందులో నేర్పుతారు. తల్లిదండ్రులనూ అభ్యాసంలో కలుపుతారు. దీనికి నెలలు పడుతుంది. మధ్యలో ఒకసారి గాయం కనిపిస్తే చికిత్స విఫలమైందని కాదు.

వారంవారం నెల్లూరుకో తిరుపతికో వెళ్లి రాలేని కుటుంబం టెలి మానస్‌కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. బిడ్డే చేయాలని లేదు. ఏం మాట్లాడాలో తోచని తల్లి అయినా, వార్డెన్ అయినా చేయవచ్చు. గాయం లోతుగా ఉన్నా, విషం తీసుకున్నారన్న అనుమానం కలిగినా ఫోనులో సలహాకై ఆగక 108 వాహనాన్ని పిలవాలి.